వాసన లేని ఇల్లు

రొయ్యల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ ముక్కయ్య అంటారు. ఎదురుగా ఉంటే ముక్కయ్యగారు, అటు తిరిగితే ఉత్త ముక్కయ్య. అతని ఉద్యోగం వాసన చూడటం. ఐసు ట్రేలలో సరుకు బల్ల మీదికి రాగానే ఒక రొయ్యని తీసి, తల విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు తెరిచి తల నిలువుగా ఊపితే సరుకు లోపలికి పోతుంది. అడ్డంగా ఊపితే లారీ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. లారీవాళ్ళు అతని ముక్కుకి పడిశం పట్టాలని కోరుకుంటారట. ఆ మాట ఎవరైనా చేరవేస్తే ముక్కయ్య మీసం కింద నవ్వుకునేవాడు.

కంపు కొట్టే సరుకుతో అతనికి పేచీ లేదు. అది తన సంగతి తనే చెప్పేసుకుంటుంది. అతను భయపడేదల్లా అసలు వాసనే లేని సరుకుకి. రొయ్య అన్నాక కాస్త నీచు ఉండాలి. అదీ లేదంటే ఎవరో మందునీళ్ళలో ముంచి, కడిగి, మన చెవిలో పువ్వు పెట్టడానికి తెచ్చారన్నమాట. అలాంటి లారీలు చాలా పట్టుకున్నాడు. ఫ్యాక్టరీ పరువు నిలబెట్టాడు కూడా.

ఈ తెలివిని గమ్‌బూట్లతోపాటు గేటు దగ్గర విప్పేసి వస్తే బాగుండేది. ముక్కయ్య దాన్ని ఇంటిదాకా తెచ్చుకున్నాడు. పక్కవాటా ఆయన నవ్వుతూ పలకరిస్తే చేబదులు అడుగుతాడేమోనని లోపలికి తప్పుకునేవాడు. కూతురికి బడిలో మంచి మార్కులొస్తే పేపరు మరీ తేలిగ్గా ఇచ్చారేమోనని ఆరా తీసేవాడు. అనుమానం పెనుభూతం అంటారు. ముక్కయ్య ఇంట్లో ఆ భూతం అద్దె కూడా కట్టకుండా కాపురం ఉంటోంది.

అద్దె కట్టేది ముక్కయ్యే. కింద మోటార్లకి తీగ చుట్టే కొట్టు, పైన వీళ్ళ రెండు గదులు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కింద ఏదో ఒక మోటారు రయ్యిమంటూనే ఉంటుంది. చదువుకోవడానికి చోటు లేక కూతురు వాషింగ్ మిషను మీద పుస్తకం పెట్టుకుని రాసుకుంటుంది. బట్టలు తిరిగే రోజున పిల్ల అక్షరాలు వణుకుతాయి. టీచరు పిలిచి, "పిల్లకి ఒంట్లో బాగుంటోందా?" అని కూడా అడిగింది.

అతని భార్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఓపిక ఆవిడ వృత్తి. పక్క సీట్లో కూర్చుంటుంది, కాలికింద తనకో బ్రేకు వేరే ఉంటుంది, అయినా నేర్చుకునేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు బ్రేకు వేస్తారేమోనని చివరి క్షణం దాకా చూస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ముక్కయ్య పక్కన కూడా అలాగే కూర్చుంది.

ఆ ఊరు మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఒక వైపు సముద్రం, ఇంకో వైపు మహానగరానికి పోయే రైలు. నగరంలో కొనలేనివాళ్ళంతా ఇక్కడికొచ్చి పడుతున్నారు. మంచి ఇల్లు అమ్మకానికొస్తే నాలుగు రోజులు నిలవదు. ముక్కయ్యకి మాత్రం కోడిగుడ్డు మీద ఈకలు పీకడానికే నాలుగు వారాలు పట్టేది. ఒక ఇంట్లో కాలువ వాసన ఉందన్నాడు. నిజమే, ఉంది. ఇంకోదానికి గోడలో చెమ్మ అన్నాడు. అదీ ఉండొచ్చు. ఒక ఇంటిని మాత్రం యజమాని మరీ ఎక్కువ నవ్వుతున్నాడని వదిలేశాడు. ఆ ఇళ్ళన్నీ వేరేవాళ్ళు కొనుక్కున్నారు. స్కూటరు మీద అటుగా వెళ్ళినప్పుడు ఆ బాల్కనీల్లో ఆరేసిన బట్టలు కనిపించేవి. భార్య వాటికేసి చూసేది. ముక్కయ్య ముక్కుసూటిగా రోడ్డుకేసి చూస్తూ నడిపేవాడు.

ఈ ఇల్లు చూడటానికి వెళ్ళింది అతని వారం సెలవు రోజున. సముద్రానికి రెండు వీధులు వెనక, పక్కన సన్నటి సందు, వెనక నిమ్మచెట్టు. ఇద్దరు అక్కాచెల్లెళ్ళది. అక్క మునిసిపల్ ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పి రిటైరైంది. వెడల్పాటి భుజాలు, గట్టి గొంతు. ఈల ఇంకా గుమ్మం పక్క మేకుకి వేలాడుతోంది. చెల్లెలు కుట్టుపని చేస్తుంది. సందువైపు కిటికీ దగ్గర మిషను వేసుకుని, వెలుతురంతా గుడ్డ మీద పడేట్టు కూర్చుంది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ముక్కయ్యకి వెంటనే అనుమానం వచ్చింది.

బ్రోకరు తలుపు తట్టబోతే, "తీసే ఉంది, రండి" అని లోపలినుంచి కేక వినపడింది. ఎవరు వచ్చారని కూడా అడగలేదు. అది రెండో అనుమానం.

"మాకు తొందరేం లేదు బాబూ," అంది అక్క. "నాకు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, మేడ ఎక్కలేను. ఎప్పుడో చిన్న ఫ్లాటుకి మారిపోవాలి. ఏడాదైనా ఆగుతాం. ఇంట్లో ఎవరుంటారో చూసుకుని మరీ ఇస్తాం."

ముక్కయ్య పనిలోకి దిగాడు. స్నానాల గదిలో వాసన చూశాడు. వంటింటి సింకు కింద వంగి చూశాడు. చెక్క అలమరలో తల పెట్టి అట్టే నిలబడిపోయాడు.

"ఏమైనా పోగొట్టుకున్నావా బాబూ?" అని అడిగింది అక్క. చెల్లెలు మిషను ఆపి పకపకా నవ్వింది.

భార్య వెనక గదిలో ఉంది. కిటికీలోంచి నిమ్మచెట్టు ఆకులు లోపలికి తొంగిచూస్తున్నాయి. గాలి ఉప్పగా, చల్లగా ఉంది. "మంచం ఇక్కడ వేస్తే బల్లకి అక్కడ చోటుంటుంది," అందావిడ, ఎవరితోనో కాదు, తనలో తనే. గోడ మీద చెయ్యి వేసి ఉంచింది. చాలా ఏళ్ళుగా ఆవిడ అంత నెమ్మదిగా ఉండటం ముక్కయ్య చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు అడిగింది. "ఎలా ఉందండీ?"

"వాసన లేదు."

"మంచిదేగా."

"అదే నా భయం. అంత పాత ఇల్లు, సముద్రం పక్కన. చెమ్మ లేదు, బూజు లేదు, కాలువ లేదు. ఏదో కడిగి పెట్టారు."

ఆవిడ స్కూటరు ఆపమంది. రోడ్డు పక్కన దిగి నిలబడింది. "నేనొక మాట చెప్తాను వినండి. ఈ ఇల్లు నాకు నచ్చింది. ఇది కూడా చెయ్యి జారిపోయిందంటే ఇంక ఇంటి మాట మీ దగ్గర ఎత్తను. కోపంతో అనట్లేదు. ఓపిక అయిపోయింది, అంతే. ఆ మోటార్ల మోతలోనే పిల్లని పెంచుతాను, అక్కడే ముసలిదాన్నవుతాను. మీరు మాత్రం మళ్ళీ నన్ను ఇల్లు చూడ్డానికి రమ్మనకండి."

"కొన్నాళ్ళు టైమివ్వు," అన్నాడు ముక్కయ్య. "అంతా సరిగ్గా ఉందని తేల్చుకుని నేనే సంతకం పెడతాను."

ఆవిడ సరేనంది. ఎలా తేల్చుకుంటాడో అడగలేదు. అక్కడే పొరపాటు జరిగింది.

ఇల్లు మన కోసం తయారై కూర్చున్నప్పుడు చూస్తే ఏం తెలుస్తుంది? మనం వస్తున్నామని తెలియనప్పుడు చూడాలి. ఫ్యాక్టరీలో కూడా ముక్కయ్య పై ట్రే ఎప్పుడూ తియ్యడు, అడుగునున్నదే తీస్తాడు. ఆ లెక్కన డ్యూటీ దిగి తిన్నగా ఆ వీధికి పోవడం మొదలుపెట్టాడు. స్కూటరు వీధి చివర ఆపేవాడు. అక్కాచెల్లెళ్ళు గుర్తుపడతారని టోపీ పెట్టుకునేవాడు, ముఖానికి జేబురుమాలు కట్టుకునేవాడు. వాసన చూసే సమయానికి రుమాలు కిందికి లాగేవాడు.

సముద్రం పోటు మీదున్నప్పుడు వెళ్ళాడు, ఆటు మీదున్నప్పుడు వెళ్ళాడు. వాన పడుతుండగా వెళ్ళాడు. సందులో డ్రైనేజీ మూత లేపి వంగి చూశాడు. గోడ అడుగున వేళ్ళతో తట్టాడు. ఒకసారి గోడకి నాలుక ఆనించి ఉప్పు కూడా చూశాడు. సందువైపు కిటికీ రెక్కలు దగ్గరగా వేసి ఉంటే, ఆ రెక్కల మధ్య చీలికలో ముక్కు ఆనించి, ఫ్యాక్టరీలో పీల్చినట్టే, గుండెల నిండా పీల్చాడు. కొత్త గుడ్డల వాసన, మిషను నూనె వాసన వచ్చాయి. అంతే. ఒక సాయంత్రం అలా ముక్కు ఆనించి ఉండగా ఎక్కడో చెవులు చిల్లులు పడేట్టు ఈల మోగింది. ఏ బళ్ళోనో ఆటలు అయిపోయాయి కాబోలు, ఇంటికి పోయే వేళైందనుకుని గబగబా స్కూటరు దగ్గరికి నడిచాడు.

తప్పేమీ దొరకలేదు. దొరకనకొద్దీ అనుమానం పెరిగింది. అది అతని ముక్కు చేసుకున్న పాపం.

అప్పుడు బ్రోకరు ఫోన్ చేశాడు. "సార్, అదృష్టమంటే మీదే! ఆ అక్కగారు త్వరగా ఇచ్చేస్తానంటున్నారు. ధర కూడా బాగా దించేశారు. మీరు ఊ అంటే ఈ వారంలో అగ్రిమెంటు."

"తొందరేం లేదన్నారుగా. ఇప్పుడెందుకు?"

"ఏదో లెండి సార్. మనకెందుకు?"

'మనకెందుకు' అన్నవాణ్ణి ముక్కయ్య జీవితంలో నమ్మలేదు. భార్య మాత్రం ఆ వార్త విని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కూతురు వాషింగ్ మిషను మీంచి పుస్తకం మూసేసి, "నాకు గది వస్తుందా నాన్నా?" అంది. ముక్కయ్య, "చూద్దాం" అన్నాడు.

సెలవు రోజున ఇద్దరూ మళ్ళీ వెళ్ళారు. ఈసారి తలుపు తీసి లేదు. తట్టగానే లోపల గొలుసు చప్పుడైంది. తలుపు సందులోంచి ఒక కన్ను చూసింది, తరవాత గొళ్ళెం, తరవాత గొలుసు, అప్పుడు తలుపు. కిటికీలకి కొత్త గ్రిల్ బిగించారు. సందువైపు కిటికీ రెక్కల మీద అడ్డంగా చెక్క పెట్టి మేకులు కొట్టారు. కుట్టుమిషను అక్కడ లేదు. దాని కాళ్ళ గుర్తులు మాత్రం నేల మీద ఉన్నాయి. మిషను హాలు మధ్యలోకి వచ్చేసింది, పట్టపగలు బల్బు వేసుకుని కుడుతోంది చెల్లెలు. వీధిలో ఏదో డబ్బా దొర్లితే ఉలిక్కిపడి సూది వేలికి గుచ్చుకుంది.

ముక్కయ్య ఇవన్నీ చూశాడు. చూసి, ఒక్కొక్కదానికీ తనదైన అర్థం చెప్పుకున్నాడు. మిషను జరిపారంటే ఆ గోడలో చెమ్మ దిగుతోంది. కిటికీకి మేకులు కొట్టారంటే సందులోంచి ఏదో కంపు లోపలికొస్తోంది. గ్రిల్ వేశారంటే వీధిలో దొంగలు. గోడ తడిమి చూస్తే పొడిగానే ఉంది. అంటే పైపైన ఏదో పూశారు! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని తేల్చుకున్నవాడికి నాలుగో కాలు చూపించడం ఎవరి తరం?

వస్తూ వస్తూ, భార్య స్కూటరు దగ్గర ఉండగా, మూల మీద కిరాణా కొట్టులో సబ్బు కొనే నెపంతో కదిపాడు. "ఆ అక్కాచెల్లెళ్ళ ఇల్లు అమ్ముతున్నారట. బాగుంటుందా?"

కొట్టావిడ గొంతు తగ్గించింది. "ఇల్లు బంగారమే బాబూ. మనుషులూ బంగారమే. కానీ ఎవరో ఆ ఇంటి చుట్టూ తిరుగుతున్నారట. నా నోటితో ఎందుకులే. నేను చెప్పానని ఎక్కడా అనకు."

ముక్కయ్య గుండె ఝల్లుమంది, ఆ వెంటనే తేలికపడింది కూడా. దొరికింది! నిప్పు లేనిదే పొగ రాదు. ఇంటికి ఇంకో వాటాదారుడు ఉన్నాడు. దాయాదో, దత్తుడో. ఇల్లు తనదని తిరుగుతున్నాడు. వాడి గొడవ బయటపడేలోగా ఇల్లు మన మెడకి చుట్టి పోదామని వీళ్ళ తొందర. వాణ్ణొక్కసారి కళ్ళారా చూస్తే చాలు.

మర్నాటి నుంచి డ్యూటీ దిగి, అదే టోపీ, అదే రుమాలుతో, అదే సందులో, ఆ తిరిగేవాడి కోసం కాపు కాశాడు. వాడు రాలేదు. ఇంకో రోజు కాశాడు. రాలేదు. 'వీడు నాకంటే ఘటికుడు, నేనున్నంతసేపూ జాడే ఉండదు' అనుకున్నాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళు కూడా చివరికి చంక వైపు చూసుకుని ఉంటారు. ముక్కయ్యకి ఆ ఆలోచనే రాలేదు. ఎందుకంటే తిరిగేవాడు వేరు, తాను వేరు. తాను తనిఖీ చేస్తున్నాడు.

అగ్రిమెంటు రోజున సెలవు పెట్టాడు. తలస్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకున్నాడు. భార్య డ్రైవింగ్ స్కూలునుంచి తిన్నగా అక్కడికే వచ్చింది, కొత్త చెప్పులు వేసుకుని. హాల్లో బల్ల మీద కాగితాలు పరిచి, బ్రోకరు పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. అక్క బల్లకి ఆ పక్కన కూర్చుంది. చెల్లెలు వీధి తలుపుకేసి చూస్తూ మిషను దగ్గరే ఉంది. సంచులు సగం కట్టేసి ఉన్నాయి.

"సంతకానికి ముందు ఒక్క మాట," అన్నాడు ముక్కయ్య. బల్ల కింద బ్రోకరు కాలు తొక్కినా ఆగలేదు. "తొందరేం లేదన్నారు. ఏడాదైనా ఆగుతామన్నారు. ఇప్పుడీ పరుగేమిటి? ఏదో దాస్తున్నారు. అదేంటో చెప్తేనే సంతకం."

భార్య కళ్ళు మూసుకుంది.

అక్క బ్రోకరు వైపు చూసి, ముక్కయ్య వైపు చూసింది. "చెప్పొద్దని ఈయన ఒట్టు వేయించుకున్నాడు. కానీ రేపు ఈ ఇంట్లో ఆడపిల్లతో ఉండాల్సింది మీరు. దాస్తే మాకు నిద్ర పట్టదు. ఈ పక్క సందులో ఒకడు తిరుగుతున్నాడు బాబూ."

"నేను అప్పుడే అనుకున్నాను!" బల్ల మీద చరిచాడు ముక్కయ్య. "ఎవడు? వాటాదారుడేనా?"

"వాటా ఏమిటి? ఈ ఇల్లు మా ఇద్దరి కష్టార్జితం. వాడెవడో తెలిస్తే చెంప పగలగొట్టేదాన్ని. టోపీ పెట్టుకుంటాడు, ముఖానికి గుడ్డ కట్టుకుంటాడు. డ్రైనేజీ మూత లేపుతాడు, గోడలు తడుముతాడు. గోడ నాకుతుంటే ఎదురింటావిడ చూసింది. ఒకసారి ఈల ఊదుకుంటూ బయటికి పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో సందు దాకా వెళ్ళేసరికి మాయమైపోయాడు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ముక్కయ్య చెయ్యి తనకి తెలియకుండానే ముక్కు మీదికి పోయింది.

"అదంతా నయం," అంది చెల్లెలు. మాట్లాడుతున్నది భార్యతో, ఆడమనిషికి ఆడమనిషి చెప్పుకున్నట్టు. "నేను కిటికీ పక్కనే కూర్చుని కుట్టుకునేదాన్నమ్మా. రెక్కల సందులో ముక్కు పెట్టి వాసన పీల్చేవాడు. గట్టిగా, గుండెల నిండా. జానెడు దూరంలో నేను. కాలు కదపడానికి భయం, మిషను చప్పుడవుతుందని. నన్నే వాసన చూస్తున్నాడనిపించేది. పోలీసులకి ఏమని చెప్పను? దొంగతనం చెయ్యలేదు, పల్లెత్తు మాట అనలేదు. వాసన చూసి పోతున్నాడంటే నవ్వరూ? వాడొస్తే నాకు ముందే తెలిసిపోయేది. బ్లీచింగు నీళ్ళ కంపు, రొయ్యల నీచు, రెండూ కలిసి గాలిలో వచ్చేవి. ఇప్పుడు కలలో కూడా అదే వాసన."

భార్య మెల్లిగా తల తిప్పి ముక్కయ్యని చూసింది. ఆవిడకి తెలిసిపోయింది. తెలిసిపోయిందని అతనికీ తెలిసిపోయింది. ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు, ఎందుకంటే ఈ రోజు అతని ఒంటి మీద సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

నోరు మూసుకుంటే చాలు. బ్రోకరు చేతిలోంచి పెన్ను తీసుకుని నాలుగు చోట్ల సంతకం పెడితే, వెనక గది కూతురిది, నిమ్మచెట్టు భార్యది. ధర కూడా తక్కువ. అబద్ధం ఆడాల్సిన పనే లేదు. ముక్కయ్య అంత చెడ్డవాడు కాడు, కానీ ఆ ఆలోచన వచ్చింది. కాసేపు ఉంది కూడా. భార్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కారులో పక్క సీట్లో కూర్చున్నట్టే కూర్చుంది. ఆవిడ కొత్త చెప్పులు అతని కంటపడ్డాయి. ఒక పాదం కొంచెం ముందుకి జరిగి ఆగి ఉంది.

"అది నేనేనండీ," అన్నాడు ముక్కయ్య.

భార్యకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. "ఆ సందులో తిరిగింది నేనే. ఇల్లు ఎలా ఉందో చూద్దామని. ఇంకే ఉద్దేశమూ లేదు. చెల్లెమ్మగారు లోపల ఉన్నారని తెలీదు నాకు. మిషను చప్పుడు లేకపోతే ఎవరూ లేరనుకున్నాను."

"సార్ తమాషాకి అంటున్నారు!" అన్నాడు బ్రోకరు, చచ్చిపోతున్న గొంతుతో.

అక్క కళ్ళు చిన్నవయ్యాయి. "ఇదేం కొత్త ఎత్తండీ? ఎందుకంటున్నారీ మాట? ధర ఇంకా దించడానికా? ఎవరు పంపించారు మిమ్మల్ని?"

తలుపు తీసే ఉంది రండి అని, వచ్చిందెవరో కూడా అడక్కుండా పిలిచిన మనిషి. ఇప్పుడు ఆవిడ నోట ఆ ప్రశ్న విన్నాడు ముక్కయ్య. అవి తన మాటలే. పొద్దున లేచిన దగ్గర్నుంచి తాను లోకాన్ని అడిగే మాటలే. ఆ రోగాన్ని తెచ్చి వీళ్ళ ఇంట్లో వదిలిపెట్టాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

లేచి వెళ్ళి స్కూటరు డిక్కీలోంచి టోపీ, జేబురుమాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చెల్లెలు దూరం నుంచే పోల్చుకుంది. అయినా లేచి వచ్చింది, రుమాలు కొస రెండు వేళ్ళతో పట్టుకుని ముక్కు దాకా తెచ్చుకుంది. వెంటనే దాన్ని బల్ల మీదికి విసిరికొట్టింది.

"ఇదే అక్కా. ఈయనే." నవ్వు మొదలై ఏడుపైపోయింది. "నా ఇంట్లో నా కిటికీ నేను తెరుచుకోలేకపోయానయ్యా నీ మూలాన. కూర్చున్న చోటు వదులుకున్నాను. ఇల్లే వదిలి పోతున్నాను!"

"తప్పైపోయిందమ్మా," అన్నాడు ముక్కయ్య.

అక్క కాగితాలన్నీ ఒక దగ్గరికి చేర్చి బ్రోకరు చేతిలో పెట్టింది. "మేం అమ్మం. అమ్మినా ఇప్పుడు కాదు. అమ్మినా వీళ్ళకి కాదు." భార్య వైపు తిరిగి, "నీ మీద కోపం లేదమ్మా," అంది.

భార్య లేచి నిలబడింది. ఇద్దరికీ క్షమాపణ చెప్పింది. వెనక గది గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి అడుగు పెట్టకుండా ఒకసారి చూసి వచ్చేసింది. స్కూటరు స్టార్టు చేస్తుండగా ఇంట్లోంచి సుత్తి చప్పుడు వినపడింది. సందు కిటికీ మేకులు ఊడదీస్తున్నారు.

అన్న మాట ప్రకారం భార్య ఇంక ఇంటి మాట ఎత్తలేదు. సాధించలేదు, దెప్పలేదు. అన్నం పెట్టింది, కూతురి చదువు గురించి మాట్లాడింది, క్లచ్చు వదలడం చేతకాని లావుపాటి డాక్టరు గురించి చెప్పి నవ్వించింది. ఇల్లు అన్న మాట ఒక్కటే ఆవిడ నోట్లోంచి మాయమైంది. దానికంటే తిట్టినా బాగుండేదనిపించింది ముక్కయ్యకి.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, ఎప్పటిలాగే ఆవిడ లేచి వెళ్ళి కిటికీ తెరిచింది. పెళ్ళైన దగ్గర్నుంచి అతను రాగానే కిటికీ తెరవడం ఆవిడకి అలవాటు. అలిసొచ్చాడని గాలి కోసం తెరుస్తుందనుకునేవాడు. ఆ రోజు చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అది గాలి కోసమేనా?"

ఆవిడ తటపటాయించింది. "గాలి కోసం కూడా."

"ఇన్నేళ్ళూ?"

"మొదటి రోజు నుంచీ."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పి ఏం చెయ్యను?" అంది ఆవిడ. "మీ లారీల్లా వెనక్కి పంపించెయ్యనా?"

ముక్కయ్య అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. ఎవరి కంపు వారికింపు అని ఫ్యాక్టరీలో అందరితో పాటు తానూ నవ్వుతూ అన్నవాడే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కింద మోటారు రయ్యిమంటోంది.

బ్రోకరు మొదట ఫోనెత్తలేదు. ఎత్తాక దణ్ణం పెట్టి వదిలెయ్యమన్నాడు. ముక్కయ్య నెలల తరబడి వెంటపడ్డాడు. చివరికి రైలుపట్టాల అవతల ఒక ఇల్లు ఉందని విసుగ్గా చెప్పాడు. భార్యని రమ్మనడానికి ముక్కయ్యకి నోరు రాలేదు. తాళాలు తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "నువ్వు చూసిరా. నేను గేటు బయటే ఉంటాను" అన్నాడు.

నిజంగానే బయటే నిలబడ్డాడు. ఎండలో, గోడకి రెండడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని. ఆవిడ లోపల గదులు తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. కూతురు ఏదో తలుపు తీసి వేసి, మళ్ళీ తీసింది. చాలాసేపటికి ఆవిడ వాకిట్లోకి వచ్చింది.

"రండి లోపలికి."

"వద్దులే. నీకు నచ్చితే చాలు."

"రమ్మంటున్నానుగా."

డ్యూటీ దిగి తిన్నగా వచ్చాడు. బట్టలు కూడా మార్చుకోలేదు. భయం భయంగా హాల్లో అడుగు పెట్టాడు. అలవాటు చొప్పున ముక్కు ఒకసారి కదిలింది. కూతురు అతని ముఖంలోకి, తల్లి ముఖంలోకి మార్చి మార్చి చూసింది.

"ఏమంటారు?" అంది భార్య. "ఏమైనా వాసనొస్తోందా?"

"కాస్త వస్తోంది," అన్నాడు ముక్కయ్య. ఒప్పుకోవడానికి కొంచెం టైము పట్టింది. "నాదేననుకుంటా."

భార్య వెళ్ళి కిటికీ తెరిచింది.